ఎడమ గోడ దగ్గర కొలువు

ఆ రోజుల్లో అంటే మరీ తాతల కాలం కాదు, కరోనా తగ్గి విమానాలు మళ్ళీ ఎగరడం మొదలైన కొత్త. నాలుగేళ్ళ కిందటి సంగతికి ‘ఆ రోజుల్లో’ ఏమిటోయ్ అని మీరు నవ్వవచ్చు. నవ్వండి. దుబాయ్‌లో పనిచేసినవాడికి మాత్రం ఆ నవ్వు రాదు. ఇక్కడ ఒక్క ఎండాకాలం గడిస్తే మనిషికి మూడేళ్ళు మీద పడతాయి, ఆ చొప్పున నేను చెప్పబోయేది నా బాల్యం గురించే అనుకోండి. అప్పుడు నాకు ఇరవై మూడు. మూతి మీద మీసం కంటే ముక్కు మీద కోపం ఎక్కువగా ఉండేది. ఆ వయసులో నేను బేస్‌బాల్ అనే ఆటలో ప్రొఫెషనల్ ఆటగాణ్ణి అని చెబితే మా ఇంట్లోనే ఎవరూ నమ్మరు. ప్రొఫెషనల్ అంటే ఆట ఆడినందుకు జీతం పుచ్చుకున్నవాడని కదా అర్థం? మాకు ప్రాక్టీసు గంటను డ్యూటీ కింద రాసేవారు. కాబట్టి నేను ప్రొఫెషనల్‌నే, ఇందులో వాదన లేదు. (వాదనకు దిగితే నేను ఊరుకునే రకం కాదన్న సంగతి మా అమ్మకూ తెలుసు, మా ఫోర్‌మన్‌కూ తెలుసు.) పోతే, ఆ ఆట సగం నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ అర్థం కాదు. అర్థం కాకుండానే ఆటగాణ్ణి అయ్యాను, అర్థం కాకుండానే ఒక పెద్దమనిషి కొలువు ఊడగొట్టాను, చివరికి కోచ్‌ని కూడా అయ్యాను. అది ఎలాగో చెబుతాను.

మా ఫ్యాక్టరీ దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఉంది. అల్యూమినియం కిటికీలు, తలుపుల ఫ్రేములు చేస్తారు. నేను కటింగ్ మెషిన్ దగ్గర హెల్పర్‌ని. కోయగా మిగిలిన తుంటలు ఏరి, వెనక దొడ్లో తుక్కు కుప్ప మీద పోసి రావడం నా ఉద్యోగం. అదే మెషిన్ మీద మా మామ ఆపరేటరు. (సొంత మామ కాదు. మాది జగిత్యాల వైపు, ఆయనది మా పక్క ఊరు. విమానాశ్రయం నుంచి లేబర్ క్యాంపుకు వచ్చేలోగా వరస కలిపేశాడు.) మామకు తెలియని విషయం భూమి మీద లేదు, తెలిసిన విషయం ఒక్కటీ సరైనది కాదు. దొడ్డి గోడ అవతల ఖాళీ స్థలంలో ఆ చలికాలం ఎవరో ఆకుపచ్చ చాప పరిచి, వలలు కట్టారు. రోజూ సాయంత్రం టక్కు టక్కున చప్పుడు వచ్చేది. వడ్రంగి పని అన్నాడు మామ, నమ్మాను.

ఒకనాడు నేను తుక్కు పోస్తుండగా గోడ మీదుగా తెల్లటి బంతి ఒకటి వచ్చి నా కాళ్ళ దగ్గర పడింది. ఎర్రదారంతో కుట్టిన తోలు బంతి, రాయంత గట్టిగా ఉంది. చేతికి రాయి లాంటిది దొరికితే నాకు చిన్నప్పటి నుంచీ ఒకటే గుణం. మా ఊళ్ళో మక్కచేను కంకి పట్టిందంటే మంచె ఎక్కి చిలుకల్ని తోలే పని నాదే. ఒడిసెలలో రాయి పెట్టి గిర్రున తిప్పి వదిలితే చేను అవతలి గట్టు మీద వాలిన పిట్ట లేచిపోవాలి. ఒడిసెల తెగిన రోజున ఉత్త చేత్తోనే విసిరేవాణ్ణి. ఆ చెయ్యి ఎన్నడూ నాకు ఎదురు చెప్పలేదు, నోరే ఎప్పుడూ పరువు తీసేది. సరే, బంతి తీసి గోడ మీదుగా, వల మీదుగా, ఆ చప్పుడు వచ్చే వైపు విసిరి పారేసి, తుక్కు బండి తోసుకుంటూ లోపలికి పోయాను.

రెండు నిమిషాల్లో గేటు దగ్గర గోల. వాచ్‌మన్ వెంట ఆరడుగుల ముసలాయన ఒకడు, తెల్లగడ్డం, ఎర్రటోపీ, చేతిలో అదే బంతి పట్టుకుని ఆయాసపడుతూ లోపలికి వచ్చాడు. బంతి చూపిస్తాడు, గోడ చూపిస్తాడు, మా అందరి మొహాలూ చూస్తాడు. ఎవరి తలకో తగిలింది, వీసా క్యాన్సిల్, ఖలాస్ అనుకున్నాను. “నేను కాదు సార్, నేను అటు పోనే లేదు,” అని ఎవరూ అడగకముందే తెలుగులో చెప్పేశాను. మామ నన్ను కాపాడదామని ముందుకొచ్చి, “సాబ్, మా అల్లుడే ఇసిరిండు, బచ్చా హై, మాఫ్ కర్ దో,” అని రెండు చెవులూ పట్టుకున్నాడు. ముసలాయన నా కుడిచెయ్యి పట్టుకుని భుజం దాకా నొక్కి చూడసాగాడు. “అల్లుడా, చెయ్యి ఇరుగగొడ్తడేమో, ఎన్కకు గుంజుకోరా,” అని మామ వణికాడు.

అదృష్టం బాగుండి అప్పుడే మా కంపెనీ బస్సు నడిపే డ్రైవరన్న వచ్చాడు. ఆయనది రాజోలు దగ్గర ఏదో లంక. ఇంతకు ముందు స్కూలు బస్సు నడిపాడు కాబట్టి ఇంగ్లీషు వచ్చునని ప్రతీతి. ముసలాయనతో కాసేపు మాట్లాడి మా వైపు తిరిగాడు. “ఆయ్, కంగారు పడకండి. ఈయన కోచ్‌గారంట. అవతల చాప మీద మన అర్బాబు కొత్త ఆట పెట్టించాడంట. బంతి అంతదూరం నుంచి సరిగ్గా తన చేతిలో పడిందంట, వేసినోడు ఎవడా అని చూసుకుపోదామని వచ్చాడంట,” అన్నాడు. (అర్బాబు అంటే మా యజమాని.) “కొట్టనీకి రాలేదా?” అన్నాడు మామ. “లేదండి, మీవోణ్ణి ఆటలోకి ఇమ్మంటున్నాడు.” నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు, రెండూ కొంచెం కొంచెం చేశాను.

అసలు సంగతి ఏమంటే, మా అర్బాబు చిన్నప్పుడు ఎక్కడో దేశం కాని దేశంలో చదువుకుంటూ ఈ ఆట మీద మోజు పడ్డాడట. చుట్టుపక్కల మరో రెండు కంపెనీల వాళ్ళనూ ఎగదోసి, తలా ఒక జట్టు పెడదామన్నాడట. కోచ్‌ని మాత్రం సముద్రం మధ్య ఏదో దీవి నుంచి కంపెనీ వీసా మీద తెప్పించాడు. జట్టుకు తొమ్మిది మంది కావాలి. నేనొకణ్ణి. మామ ఊళ్ళో క్రికెట్‌లో వికెట్ కీపర్‌నని చెప్పుకుని చేరిపోయాడు. మిగతావాళ్ళు ఫ్రేములకు రంగు పట్టించే పౌడర్ కోటింగ్ నుంచి, ప్యాకింగ్ నుంచి వచ్చారు. అందరం క్రికెట్ పాలు తాగి పెరిగినవాళ్ళమే. మా కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

మొదటి రోజు మామ బ్యాటు పట్టాడు. బంతిని చక్కగా వెనక్కి మళ్ళించి, ఫోర్ పోయిందన్నట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కోచ్ తల అడ్డంగా ఊపాడు. వెనక్కి కొడితే చెల్లదట. “గంత సక్కగ గొడ్తే చెల్లదా? గిదేం ఆట?” అని మామ అలిగాడు. రెండోసారి ముందుకు కొట్టాడు, కొట్టి పరిగెత్తాడు, చంకలో బ్యాటు పెట్టుకుని మరీ పరిగెత్తి, మొదటి మజిలీ (వాళ్ళ భాషలో బేస్) దగ్గర బ్యాటు నేలకు ఆనించి అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి బయలుదేరాడు. కోచ్ తల పట్టుకుని కూర్చున్నాడు. డ్రైవరన్న వచ్చి విడమరిచి చెప్పాడు: బ్యాటు అక్కడే పారెయ్యాలట, ఒకటి, రెండు, మూడు మజిలీలు చుట్టి మళ్ళీ బయలుదేరిన చోటికే రావాలట, అలా వస్తేనే ఒక పరుగట. ఆ బయలుదేరిన చోటు పేరు ఇల్లు. “అంటే, ఊరంత తిరిగి ఇల్లు జేరుడే గెలుపా? మనలెక్కనే గదా!” అన్నాడు మామ. తొమ్మండుగురిలో ఆ ఒక్క ముక్క మాత్రం అందరికీ అర్థమయింది. మిగతా నియమాలు డ్రైవరన్న రోజుకొకటి చెప్పేవాడు, మరునాడు వచ్చి నిన్న చెప్పింది కాదనేవాడు. చేతికి తొడుక్కోమని ఇచ్చిన తోలు గ్లవుజు నేను బంతి రాగానే చంకలో దోపుకుని ఉత్త చేతుల్తో పట్టేవాణ్ణి. అరచేతులు వంకాయల్లా వాచేవి.

నన్ను కోచ్ ఎడమ వైపు చిట్టచివర, గోడ దగ్గర నిలబెట్టాడు. అక్కడికి బంతి వస్తే వస్తుంది, లేకపోతే లేదు. ఒక్కోరోజు గంటసేపు నిలబడినా ఏమీ రాదు. చేను కాపలాలాగానే ఉంటుంది, చిలుకలు ఉండవు, అంతే తేడా. నాకు చిరాకెత్తి, నన్నెందుకు ఇక్కడ పారేశారని ఒకరోజు గట్టిగానే అడిగాను. కోచ్ నవ్వి ఏదో పెద్ద కథ చెప్పాడు. డ్రైవరన్న దాన్ని ఇలా దించాడు: “ఈయన వాళ్ళ దేశంలో పెద్ద ఆటగాడంట తమ్ముడూ. పద్దెనిమిదేళ్ళు, నువ్వు నిలబడ్డావే, అదే ఎడమ గోడ దగ్గర నిలబడ్డాడంట. వేలమంది జనం టిక్కెట్టు కొనుక్కుని చూసేవారంట. ఆ తర్వాత మానేశాడంట. ఎందుకు మానేశాడని అడిగితే చెప్పట్లేదు.” ఇది విని మామ కళ్ళు తడి చేసుకున్నాడు. “పద్దెనిమిదేండ్లు గోడకాడ నిలవడ్డడా? పాపం, వాచ్‌మన్ కొలువే గదరా. ఆళ్ళ దేశంల గూడ మనలాంటోళ్ళే ఉన్నరు,” అన్నాడు. నాకూ అంతకంటే ఎక్కువ అర్థం కాలేదు. నిలబడ్డానికి టిక్కెట్టు పెట్టి చూడ్డమేమిటి?

ఆ గోడ దగ్గర కోచ్ నాకు రోజూ ఒకటే నేర్పేవాడు. బంతి పైకి కొడతాడు, నేను పరిగెత్తి పట్టుకుంటాను, పట్టుకున్న మరుక్షణం ఇంటి వైపు విసరాలి. పట్టు, విసురు. పట్టు, విసురు. ఒక్కరోజు కాదు, రెండు నెలలు. పట్టుకున్నాక బ్యాటు పట్టినవాడు ఎలాగూ అవుటే కదా, ఇంకా విసరడం దేనికి? కసరత్తు కోసమని మేమంతా తీర్మానించుకున్నాం. మన దగ్గర దండీలు తీయిస్తారు, వీళ్ళ దగ్గర బంతులు విసిరిస్తారు, ఎవరి పద్ధతి వాళ్ళది. ఈ ముక్క కోచ్‌ని ఒక్కసారి అడిగి ఉంటే ఈ కథే లేదు. అడగలేదు. అడిగితే తెలియనివాడని అనుకుంటారని భయం, ఆ వయసులో అది పెద్ద రోగం.

ఆటైతే అర్థం కాలేదు గానీ మనిషి మాత్రం బాగా అర్థమయ్యాడు. ప్రాక్టీసు అయ్యాక కోచ్ ఒక సంచి నిండా నారింజపళ్ళు తెచ్చి, చాప అంచున కూర్చుని, తన చేత్తో వలిచి తొనలు తొమ్మిది మందికీ పంచేవాడు. మంచినీళ్ళ డబ్బా తనే మోసుకొచ్చేవాడు. మేం లేచి అందుకోబోతే గదిమేవాడు. ఈ దేశంలో దిగినప్పటి నుంచీ నాకు ఒకరు వలిచి ఇచ్చిన పండు అదే మొదటిది. మా అమ్మ కూడా నాకు పదేళ్ళొచ్చాక వలవడం మానేసింది. ఇలాంటివి రాస్తే పౌరుషం తగ్గుతుందని తెలుసు, తగ్గితే తగ్గనివ్వండి.

వరసగా మూడు ఆటలు ఓడాం. మొదటి ఓటమికి మామ కారణం, రెండోదానికి నేను, మూడోదానికి ఎవరు కారణమో కూడా తెలియలేదు, గెలిచామనుకుని బస్సెక్కాక డ్రైవరన్న చెప్పాడు. మరునాడే మా ముదీర్, అంటే ఫ్యాక్టరీ మేనేజరు, చాప దగ్గరికి వచ్చాడు. అర్బాబుకు విసుగు పుట్టిందట. ఈ చలికాలం పోయేలోగా ఒక్క ఆట గెలిస్తే సరే, లేకపోతే ఆట ఖలాస్, ఆ స్థలంలో సామాను షెడ్డు కడతారు. మిగిలింది ఒకటే ఆట. “మరి కోచ్?” అని నేనే అడిగాను. ముదీర్ చేత్తో విమానం ఎగిరిపోయినట్టు చూపించాడు. అప్పుడు తట్టింది నాకు, పద్దెనిమిదేళ్ళు వేల జనం ముందు ఆడిన ఆ పెద్దమనిషి వీసా కూడా మాలాంటి కంపెనీ వీసాయేనని. ఆ సాయంత్రం డ్రైవరన్న గొంతు తగ్గించి చెప్పాడు: “ఆయనకి అరవై దాటాయిరా. అక్కడెవరూ పిలవట్లేదంట. ‘నన్ను రమ్మన్న గ్రౌండు ఇదొక్కటే’ అన్నాడు.” ఆ వారమంతా మేం కిక్కురుమనకుండా ప్రాక్టీసు చేశాం. మామ బ్యాటు పారేసి పరిగెత్తడం కూడా నేర్చుకున్నాడు.

ఆఖరి ఆట ఆదివారం మధ్యాహ్నం. పక్క వీధి ఫ్రిజ్‌ల గోడౌన్ వాళ్ళతో. వాళ్ళలో సగం మంది ఫిలిప్పీన్స్ వాళ్ళు, ఈ ఆట చిన్నప్పుడే ఆడి వచ్చారు. మా క్యాంపు మొత్తం బస్సులో దిగింది, ఒకడు డప్పు కూడా తెచ్చాడు. ఆ రోజు ఏ దేవుడు కరుణించాడో గానీ మాకు కొడితే తగిలింది, పరిగెత్తితే చేరాం. ఆఖరి దఫాకు వచ్చేసరికి మాది ఒక్క పరుగు ఎక్కువ. వాళ్ళు కొట్టాలి, మేం కాపు కాయాలి. ముగ్గురు అవుటైతే మేం గెలిచినట్టే. ఒకడు అవుటయ్యాడు. ఇద్దరు కొట్టి, ఒకడు రెండో మజిలీలో, ఇంకొకడు మూడో మజిలీలో నిలబడ్డారు. మూడో మజిలీ దాటితే ఇల్లే. ఇంటి దగ్గర మొహానికి ముసుగు కట్టుకుని మామ. ఎడమ గోడ దగ్గర నేను.

తరువాతివాడు లాగి కొట్టాడు. బంతి ఆకాశంలోకి లేచి నా తల మీదుగా గోడ వైపు పోతోంది. ఉరికాను. అట్లా ఎన్నడూ ఉరకలేదు. ఎండ కళ్ళలో పడుతోంది, బంతి కనబడి మాయమవుతోంది, వీపు గోడకు తగిలింది, చెయ్యి చాపాను, చప్పుమని గ్లవుజులో పడింది. (ఔను, ఆ రోజు గ్లవుజు చంకలో లేదు, చేతికే ఉంది. ఇది ఎవరూ గుర్తించలేదు కాబట్టి నేనే చెబుతున్నాను.) ఇక చూడండి! బంతి పైకెత్తి చూపిస్తూ అరిచాను. డప్పు మోగింది. మా జట్టంతా నా మీదికి ఉరికొచ్చింది, ఇల్లు కాయవలసిన మామ అందరికంటే ముందు వచ్చి నన్ను వాటేసుకున్నాడు. “బిడ్డా, సంపినవ్ పో!” అని ముద్దులు. బంతి ఎక్కడైనా పోతుందేమోనని, జన్మకొక గుర్తుగా ఉంటుందని, దాన్ని ప్యాంటు జేబులో పెట్టుకున్నాను. దూరంగా కోచ్ రెండు చేతులూ ఊపుతూ, గంతులేస్తూ మా వైపే వస్తున్నాడు. “కోచ్ గూడ ఎగురుతుండు, ఎత్తుండ్రిరా!” అని మామ అనేసరికి నన్ను భుజాల మీదికి ఎత్తారు. అంత ఎత్తు నుంచి నాకు స్పష్టంగా కనబడింది, ఆ మజిలీల్లోని ఇద్దరూ ఒకడి వెనక ఒకడు ఇంటి వైపు పరిగెత్తుతున్నారు. పాపం, ఆట అయిపోయిందని నీళ్ళు తాగడానికి పోతున్నారనుకున్నాను. ఇల్లు చేరగానే వాళ్ళ జట్టంతా వాళ్ళను కౌగిలించుకుని గంతులేసింది. ఓడిపోయినా ఎంత సంతోషంగా ఉన్నారో, ఎంత మంచి మనుషులో అని కూడా అనుకున్నాను.

డ్రైవరన్న గుంపును తోసుకుంటూ వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. “ఒరే నాయనా, బంతి ఏదిరా?”

“జేబులో ఉందన్నా.”

“జేబులో ఎందుకురా తండ్రీ!” అని ఆయన అక్కడే చాప మీద కూలబడ్డాడు.

అప్పుడు కొంచెం కొంచెంగా తెలిసింది. క్రికెట్‌లో క్యాచ్ పట్టగానే బంతి చచ్చిపోతుంది, ఎవరి గంతులు వాళ్ళు వేసుకోవచ్చు. ఇక్కడ చావదు. పట్టుకున్న క్షణం నుంచి, మజిలీల్లో నిలబడినవాళ్ళు ఇంటికి పరిగెత్తవచ్చు. పైగా నా క్యాచ్‌తో కలిపి అవుటైంది ఇద్దరే, ఆ లెక్క మాలో ఒక్కడికీ గుర్తులేదు. మేం డప్పు కొట్టుకుంటుండగా ఇద్దరు చేరారు, రెండు పరుగులు, ఆట వాళ్ళది. నేను పట్టిన వెంటనే ఇంటికి విసిరి, మామ ఇంటి దగ్గరే ఉండి పరిగెత్తి వచ్చేవాడికి దాన్ని తగిలించి ఉంటే, మొదటివాడు అక్కడే అవుటయ్యేవాడు, ఆట మాది అయ్యేది, కోచ్ ఉండేవాడు. రెండు నెలలు పట్టు, విసురు అని ఆయన చేయించినదంతా ఆ ఒక్క విసురు కోసమే. కసరత్తు కాదు. ఆ విసురు కోసమే కదా ఆయన గోడ అవతలి నుంచి ఆయాసపడుతూ వచ్చి, తుక్కు బండి తోసేవాణ్ణి పట్టుకుపోయింది. పిట్టల్ని కొట్టిన చెయ్యి, అవసరమైన ఒక్క క్షణంలో జేబులో చిక్కుకుంది. ఆట చూడ్డానికి వచ్చిన ముదీర్ లేచి కారెక్కి వెళ్ళిపోయాడు.

నేను బస్సు వెనక చేరి ఏడ్చాను. మామ వచ్చి, “తప్పు నాది గూడ ఉందిరా, ఇల్లిడిసి ఉరికొస్తి,” అని ఓదార్చబోతే ఆయన మీద కూడా అరిచాను. కాసేపటికి కోచ్ వచ్చాడు, చేతిలో నారింజల సంచి, వెనక డ్రైవరన్న. పక్కన కూర్చుని పండు వలవడం మొదలుపెట్టాడు. నేను మొహం తిప్పుకున్నాను. ఆయన నెమ్మదిగా మాట్లాడాడు, డ్రైవరన్న మొదటిసారి తన సొంత ముక్కలు కలపకుండా చెప్పాడు: “ఆడటం మొదలెట్టిన పద్దెనిమిదో ఏట ఓ పెద్ద ఆటలో ఇలాగే గోడ దగ్గర పట్టాడంట. ముగ్గురూ అవుటైపోయారనుకున్నాడంట. అవలేదు, ఇద్దరే అయ్యారు. బంతి తీసుకెళ్ళి గోడ అవతల కూర్చున్న ఓ ముసలమ్మకి ఇచ్చేసి, దణ్ణం పెట్టాడంట. ఈలోగా వాళ్ళు ఇల్లు చేరిపోయారు. ఆ తర్వాతి ఏడాది ఎవరూ పిలవలేదంట. అందుకే మానేశాడు. అందుకే నేర్పడం మొదలెట్టాడు.” అయ్యవారేం చేస్తున్నారంటే చేసిన తప్పులు దిద్దుకుంటున్నారని సామెత ఉంది చూశారా, అది ఆయన్ని చూసే పుట్టి ఉంటుంది. (ఈ కథ నిజంగా జరిగిందో, నా ఏడుపు ఆపడానికి అప్పటికప్పుడు కల్పించాడో నాకు ఇప్పటికీ తెలియదు. డ్రైవరన్నను అడిగితే, “ఏంటో మరి,” అంటాడు.)

తొనలు తినిపించి, చెయ్యి పట్టుకుని లేపి, మళ్ళీ ఆ ఎడమ గోడ దగ్గరికి తీసుకుపోయి నిలబెట్టాడు. జేబులో బంతి తీయమన్నాడు. తాను గ్లవుజు తొడుక్కుని, అంత మైదానమూ నడుచుకుంటూ పోయి, ఇంటి దగ్గర వంగి కూర్చున్నాడు. అరవై దాటిన మోకాళ్ళు, కూర్చోవడానికి కాస్త సమయం పట్టింది. చెయ్యి ఊపి, విసరమన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే కదా, ఇప్పుడు విసిరి ఏం లాభమని కోపం వచ్చింది. ఆ కోపంతోనే విసిరాను. బంతి ఎక్కడా నేలకు తగలకుండా పోయి సరిగ్గా ఆయన గ్లవుజులో పడింది, ఆ చప్పుడు నాకు గోడ దాకా వినబడింది. ఆయన పక్కకు వంగి, లేని మనిషికెవరికో బంతి తగిలించి, పిడికిలి పైకెత్తి అరిచాడు: “అవుట్!” మామ డప్పు లాక్కుని ఒక్క దెబ్బ కొట్టాడు.

పది రోజుల్లో ఆయన టిక్కెట్టు వచ్చింది. పోయే ముందు సామాను అప్పగించాలి. తొమ్మిది గ్లవుజులు, నాలుగు బ్యాట్లు, బంతుల పెట్టె. ఎవరికి అప్పగిస్తున్నావని ముదీర్ అడిగితే నన్ను చూపించాడు. అప్పగింత కాగితంలో నా పేరు, దాని పక్కన ఉద్యోగం అని ఉన్న గడిలో ‘హెల్పర్’ కొట్టేసి, ఆయన తన చేత్తో ‘కోచ్’ అని రాశాడు. ముదీర్ చదవకుండానే ముద్ర వేశాడు. ఆ విధంగా ఈ ఫ్యాక్టరీ దస్తావేజుల్లో నేను కోచ్‌ని అయ్యాను. ఇప్పటికి మెషిన్ ఆపరేటరుగా ప్రమోషన్ వచ్చింది గానీ ఆ కాగితాన్ని ఎవరూ మార్చలేదు. ఎయిర్‌పోర్టుకు బస్సులో డ్రైవరన్నే దింపి వచ్చాడు. దారిలో ఏం మాట్లాడారని అడిగితే, ఇద్దరూ నారింజలు తిన్నారని చెప్పాడు.

చాప స్థలంలో షెడ్డు లేచింది. మేం క్యాంపు వెనక లారీలు నిలిపే ఇసుక జాగాలో ఆదివారం ఆడుకుంటాం, డ్యూటీ కింద ఎవరూ రాయరు. కాబట్టి ఇప్పుడు నేను ప్రొఫెషనల్‌ని కాదు, ఉత్త కోచ్‌ని. కొత్తగా వచ్చినవాళ్ళు నియమాలు అడుగుతారు, సగానికి నాకు జవాబు రాదు, మామ చెబుతాడు, అవి తప్పని డ్రైవరన్న అంటాడు. నాకు రూఢిగా తెలిసింది ఒకటే, అదే నేర్పుతాను. క్యాచ్ పట్టి ఎవడైనా గంతు వెయ్యబోతే, “ముందు ఇసురురా, ఎన్క ఎగురు!” అని గొంతు చించుకుంటాను. వాడు బిత్తరపోయి చూస్తాడు. భుజాల మీద ఊరేగుతూ, ఓడినవాళ్ళను మంచి మనుషులని మెచ్చుకున్న ఆ ఇరవై మూడేళ్ళవాడు నాకు గుర్తొస్తాడు. వాణ్ణి పట్టుకుని రెండు తన్నాలనిపిస్తుంది, మళ్ళీ వెంటనే ఇంకాసేపు ఎగరనిద్దామా అనిపిస్తుంది. ఆట ముగిశాక ఒక్కొక్కణ్ణీ ఎడమ చివరన నిలబెట్టి, నేను పోయి ఇంటి దగ్గర వంగి కూర్చుంటాను. బంతి గ్లవుజులో పడగానే పక్కకు వంగి, అక్కడ లేని మనుషులకు తగిలించి, పిడికిలి ఎత్తుతాను. నాలుగేళ్ళ కింద నా కళ్ళ ముందే ఇల్లు చేరిపోయిన ఆ ఇద్దరూ ఆదివారం ఆదివారం అవుటవుతూనే ఉన్నారు.